మత్తడి దుంకకముందే పెట్టె సర్దండి: వరదలో కుక్క, పిల్లి, ఫెర్రెట్

వానాకాలం ముసురు పట్టిందంటే ఓరుగల్లులో అందరి కళ్లూ చెరువుల మీదే. ఎక్కడ చెరువు నిండి మత్తడి దుంకుతోంది, ఏ రోడ్డు బందైంది, నయీంనగర్ నాలా ఎంత ఎత్తున పారుతోంది అని వాట్సాప్‌లో వీడియోలు తిరుగుతూనే ఉంటాయి. ఇంట్లో ఉన్న మూగజీవాల సంగతి మాత్రం నీళ్లు గడప దాటాకే గుర్తొస్తుంది. అప్పటికి పిల్లి సజ్జ మీద మూటల వెనక దూరి ఉంటుంది. కుక్క గొలుసు తాళంచెవి కనపడదు.

2023 జూలై 27 నాటికి ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. అదే రోజు మొరంచవాగు పొంగి భూపాలపల్లి జిల్లా మొరంచపల్లిని ముంచింది. జనం డాబాలూ చెట్లూ ఎక్కితే హెలికాప్టర్లు వచ్చాయి. అలాంటి పొద్దున సర్దుకోవడానికి ఎవరికీ టైం దొరకదు. వరంగల్‌లో హంటర్ రోడ్డు, ఎన్టీఆర్ నగర్ వైపు ఉండేవాళ్లకు ఇది కొత్త కాదు, 2020 ఆగస్టులోనూ చూశారు. మీ వాడలో చినుకు లేదని నిమ్మళంగా ఉండటానికి లేదు. మన చెరువులన్నీ గొలుసుకట్టు. పై చెరువు నిండితే ఆ నీళ్లు కింది చెరువుకు, అక్కడి నుంచి నాలాకు, నాలా నుంచి మీ గల్లీకి వస్తాయి. మీ దగ్గర వాన తగ్గిన తర్వాతే నీళ్లు పెరగొచ్చు.

అందుకే వానను చూసి కాదు, హెచ్చరికను చూసి కదలాలి. వాతావరణ శాఖ లెక్కలో 24 గంటల్లో 115.6 నుంచి 204.4 మిల్లీమీటర్లు పడితే అతి భారీ వర్షం, అది దాటితే అత్యంత భారీ వర్షం. మామూలుగా మొదటిదానికి ఆరెంజ్ హెచ్చరిక, రెండోదానికి రెడ్ ఇస్తారు. ఆరెంజ్ హెచ్చరిక వచ్చిన సాయంత్రమే జంతువును తీసుకెళ్లే పెట్టె కిందికి దించి, పిల్లిని ఒక గదిలో పెట్టి తలుపు వేయండి. రెడ్ వచ్చి, మీది లోతట్టు వాడ అయితే చీకటి పడకముందే జంతువుతో సహా చుట్టాలింటికి వెళ్లిపోండి. ఉత్త పుణ్యానికి వెళ్లొచ్చామని నవ్వుకుంటే నవ్వుకోనివ్వండి.

ఒక్కో జంతువుకు ఒక్కో గండం. కుక్కకు గొలుసు, పిల్లికి దాక్కునే అలవాటు, ముంగిసలాంటి చిన్న పెంపుడు జంతువు ఫెర్రెట్‌కు ఆకలీ ఉక్కా.

ముందు కుక్క. గొలుసుతో కట్టేసి పోవద్దు. గేటుకు కట్టిన కుక్క ఈత వచ్చినా మునుగుతుంది, ఎందుకంటే గొలుసు ఎంత పొడుగుందో అంతవరకే తల పైకి లేస్తుంది. గుంజకు కట్టిన బర్రెకూ మేకకూ ఇదే గతి. ఏమీ చేయలేని పరిస్థితిలో పగ్గం విప్పి వదిలేయడమే మేలు, గట్టున్న వైపు అదే పోతుంది. కుక్క మెడపట్టీ మీద చెరగని మార్కర్‌తో మీ ఫోన్ నంబరు రాయండి. బిళ్ల ఊడిపోతుంది, రాత ఊడదు. పట్టీకీ మెడకూ మధ్య రెండు వేళ్లు దూరాలి. మూడు దూరితే భయపడి వెనక్కి గుంజినప్పుడు తల జారిపోతుంది. పడవలో, ట్రాక్టరులో కొత్త మనుషుల మధ్య ఎంత మంచి కుక్కైనా కరవొచ్చు. మూతిబుట్ట లేకపోతే పాత చున్నీ చాలు: ముక్కు మీద ఒక చుట్టు, దవడ కింద ఒక ముడి, చెవుల వెనక ఇంకో ముడి. పగ్ లాంటి పొట్టిమూతి కుక్కకు, వాంతులు చేసుకుంటున్నదానికి, ఆయాసపడుతున్నదానికి ఇది కట్టొద్దు. మిగతా కుక్కలకైనా పది నిమిషాలకు మించి ఉంచొద్దు. నోరు తెరిచి రొప్పకపోతే కుక్క ఒంటి వేడి దిగదు.

పిల్లిని పట్టుకోవడానికి ఇల్లంతా తిరిగితే ఓడిపోయేది మీరే. ఆరెంజ్ రాగానే మంచాలూ బీరువాలూ తక్కువున్న గదిలో, అంటే చాలా ఇళ్లలో బాత్రూంలో, నీళ్లూ, మలమూత్రాలకు మట్టిట్రే పెట్టి ఉంచండి. పెట్టె లేకపోతే కూరగాయల ప్లాస్టిక్ ట్రేలు రెండు తీసుకుని, ఒకదాని మీద ఒకటి బోర్లించి, నాలుగు వైపులా రెండేసి చొప్పున కేబుల్ టైలు బిగించండి. ఒక వైపు టైలు చివర్లో బిగిస్తే అదే తలుపు. కోళ్లగంప వద్దు, పిల్లి దాన్ని పైకెత్తి బయటపడుతుంది. మరీ టైం లేకపోతే మందపాటి దిండు గలీబు తీసుకోండి. పిల్లిని వెనక నుంచి తువ్వాలులో చుట్టి, కాళ్లు ముందుగా అందులోకి దించి మూతి కట్టేయండి. బట్ట గుండా గాలి ఆడుతుంది, గంట వరకు ఫరవాలేదు. అయితే తడిస్తే బట్ట ముక్కుకు అంటుకుంటుంది, కాబట్టి గలీబును వానలో తడవనివ్వొద్దు.

బండి మీద పోయేవాళ్లు ఎక్కువగా చేసే పొరపాటు ఒకటుంది. వాన పడుతోందని పెట్టె మొత్తానికి పాలిథీన్ కవర్ చుట్టేస్తారు. హనుమకొండ నుంచి కాజీపేట పోయేలోపు లోపల చెమ్మ పట్టి, వేడెక్కి, జంతువు నాలుక బయటపెడుతుంది. కవరు పైనా ముందూ కప్పితే చాలు, రెండు పక్కలూ తెరిచి ఉంచండి. స్కూటీ కాళ్ల దగ్గర పెట్టె పెట్టి సైకిల్ ట్యూబుతో కట్టేస్తే కదలదు.

ఇక ఫెర్రెట్. ముంగిసలా పొడుగ్గా, కిలో అటూ ఇటూ బరువుండే ఈ మాంసాహారి మన దగ్గర అరుదు. పెంచేవాళ్లు కొందరున్నా, వరద వస్తే ఏం చేయాలో తెలుగులో రాసినవాళ్లు కనపడరు. అందుకని దీని గురించి కొంచెం ఎక్కువే రాస్తున్నాం.

ఫెర్రెట్‌కు వరదలో మొదటి ముప్పు నీళ్ల నుంచి కాదు, కరెంటు పోవడం నుంచి. ఇది చెమటతో ఒళ్లు చల్లబరచుకోలేదు. గది 27 డిగ్రీలు దాటితే ఇబ్బంది పడుతుంది, 32 దాటితే ప్రాణం మీదికొస్తుంది. మన జూలైలో ఏసీ ఆగి, కిటికీలు మూసి, గాలిలో తేమ నిండితే ఆ అంకె చేరడానికి ఎంతోసేపు పట్టదు. వంద మంది ఉన్న ఫంక్షన్ హాల్ సంగతి చెప్పక్కర్లేదు. హెచ్చరిక రాగానే అరలీటరు సీసాలు నాలుగు, ముప్పావు వరకే నీళ్లు పోసి ఫ్రీజర్‌లో పెట్టండి. నిండా పోస్తే గడ్డకట్టినప్పుడు పగులుతాయి. బయల్దేరేటప్పుడు ఒక సీసాను పాత బనీనులో చుట్టి పెట్టెలో ఒక మూలకు పెట్టండి. జంతువు కావాలంటే ఆనుకుంటుంది, వద్దంటే జరుగుతుంది. అది నోరు తెరిచి రొప్పుతూ, సాగిలపడి, చిగుళ్లు ఎర్రబడితే వడదెబ్బే. మామూలు నీళ్లతో పాదాలు, పొట్ట తడిపి విసరండి. ఐసు నీళ్లలో ముంచితే చర్మం కింది రక్తనాళాలు ముడుచుకుపోయి లోపలి వేడి బయటికి రాదు.

రెండోది ఆకలి. దీని పేగు చాలా పొట్టి, తిన్నది మూడు నాలుగు గంటల్లో బయటికి వచ్చేస్తుంది. అంటే రాత్రంతా పస్తు పెట్టి పొద్దున చూద్దాం అంటే కుదరదు. అందులోనూ మూడు నాలుగేళ్లు దాటినవాటికి క్లోమంలో గడ్డలొచ్చి చక్కెర పడిపోవడం తరచూ కనిపించే జబ్బు. వెనక కాళ్లు తేలిపోవడం, చొంగ కార్చడం, మూతిని ముందుకాళ్లతో గీరుకోవడం, ఎటో చూస్తున్నట్టు ఉండిపోవడం దాని గుర్తులు. వేలికి తేనె రాసుకుని చిగుళ్లకు పూయండి. తెలివిలో లేనప్పుడు నోట్లో ఏదీ పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. లేచి చూడగానే మాంసం పెట్టండి, తర్వాత డాక్టరు. తేనె అక్కడితో ఆపేయాలి, దాన్నే తిండిగా పెడితే చక్కెర మళ్లీ పడిపోతుంది.

సంచిలో రోజుకు 50 నుంచి 60 గ్రాముల పొడి తిండి లెక్కన ఏడు రోజులకు ఒక 400 గ్రాములు ఉంచండి. ఫెర్రెట్ తిండి దొరక్కపోతే పిల్లికూనల తిండి సరిపోతుంది, మాంసకృత్తులు 35 శాతం పైన ఉండాలి. దాన్ని ఒకే డబ్బాలో పోయకండి. రోజుకొక జిప్ కవరు చొప్పున కట్టండి, ఒకటి తడిసినా ఆరు మిగులుతాయి. తినకుండా మొండికేస్తే ఆ గింజల్నే పొడి చేసి గోరువెచ్చని నీళ్లలో జావలా కలిపి వేలితో నాకించండి. పునరావాస కేంద్రంలో ఎవరో ప్రేమగా పాలు, పెరుగన్నం, అరటిపండు ఇస్తారు. వద్దని దండం పెట్టండి. విరేచనాలు పట్టుకుంటే ఇంత చిన్న ప్రాణి ఒక్క రోజులో నీరసించిపోతుంది.

దీన్ని వెతికి పట్టుకోవడం ఇంకో పని. సోఫా కింద బట్ట చించి లోపల పడుకుంటుంది, వాషింగ్ మెషిన్ అడుగున దూరుతుంది. పిలిస్తే రాదు. పీ అని అరిచే రబ్బరు బొమ్మ ఒకటి కొని, రోజుకు రెండు సార్లు నొక్కిన వెంటనే ఒక చికెన్ తునక ఇస్తూ పోండి. రెండు మూడు వారాలకు బొమ్మ వినపడితే చాలు, ఎక్కడున్నా ఉరికొస్తుంది. ఆ బొమ్మను మాత్రం దాని నోటికి అందనివ్వొద్దు, కొరికిన రబ్బరు పేగుల్లో అడ్డం పడితే ఆపరేషనే. ఇంకో సంగతి: ఫెర్రెట్ నిద్ర ఎంత మొద్దునిద్ర అంటే, ఎత్తినా తల వేలాడేసి, నాలుక కొన బయటపెట్టి, చచ్చిపోయిందా అన్నట్టు ఉంటుంది. కంగారు పడకండి. ఒళ్లు వెచ్చగా ఉండి, పక్కటెముకలు మెల్లగా ఆడుతుంటే అది నిద్రే. నిమిషం సేపు మెడ వెనక రుద్దితే ఆవులించి లేస్తుంది. కాళ్లు వణుకుతూ లేస్తే అదీ మామూలే. ఎంత లేపినా లేవకపోతేనే తేనె సీసా తీయాలి.

పెట్టె పిల్లులదే సరిపోతుంది, కానీ సందులు రెండున్నర సెంటీమీటర్లు దాటకూడదు. తల పట్టిన సందులో ఒళ్లంతా పడుతుంది. తలుపు గడియ మీద ఒక కేబుల్ టై వేయండి, మీ జేబులో చిన్న కత్తెర ఉంచుకోండి. పరుపుకు పాత టీషర్టులు వాడండి. తువ్వాలు పోగుల్లో గోళ్లు చిక్కుకుంటాయి. మట్టిట్రేకు చింపిన పేపరు చాలు. ముద్దకట్టే ఇసుక వద్దు.

పునరావాస కేంద్రంలో దీన్ని కుక్కలకూ, దగ్గేవాళ్లకూ దూరంగా పెట్టండి. కుక్కలకు వచ్చే డిస్టెంపర్ అనే వైరస్ జబ్బు దీనికి సోకితే దాదాపు బతకదు. మనుషుల ఫ్లూ దీనికి అంటుతుంది, దీని నుంచి మనకూ వస్తుంది. టీకా వానాకాలానికి ముందే వేయించాలి. అయితే కుక్కలకు వేసే డిస్టెంపర్ టీకాల్లో కొన్ని ఫెర్రెట్‌కే ప్రమాదం, కాబట్టి ఏ టీకా వేస్తున్నారో డాక్టరును అడగండి. అన్నట్టు, భయపడ్డప్పుడు వెనక నుంచి ఒక కంపు వదులుతుంది. కొద్ది నిమిషాల్లో పోతుంది. పక్కన చాప వేసుకున్న పెద్దమ్మకు ఆ మాట ముందే చెప్పి ఉంచితే గొడవ ఉండదు.

కేంద్రంలో జంతువులను రానిస్తారా లేదా అన్నది అక్కడున్న సిబ్బందిని బట్టి. బడి అయితే వరండా, ఫంక్షన్ హాల్ అయితే వంటశాల వెనక రేకుల షెడ్డు అడగండి. లోపలే కావాలని పట్టుబట్టిన చోట మొత్తానికే కాదంటారు. పెట్టెలో ఉన్న జంతువుకు చోటు దొరికినంత తేలిగ్గా చేతిలో ఉన్నదానికి దొరకదు. మనుషులను బయటికి తేవాల్సి వస్తే 112కు చేయండి. దెబ్బలు తగిలిన పశువులకు సంచార పశువైద్యశాల నంబరు 1962.

నీళ్లు తగ్గాక జంతువును తొందరపడి తెచ్చుకోవద్దు. ముందు మీరొక్కరే వెళ్లండి. బూట్లలో, పరుపు మడతల్లో, సిలిండరు వెనక కర్రతో తట్టి చూడండి, కట్లపామూ రక్తపింజరీ పొడి జాగా వెతుక్కుంటూ వచ్చి ఉంటాయి. ఎలుకల మందు పొట్లాలు కొట్టుకొచ్చి మూలల్లో ఆగుతాయి, అవి ఏరేయండి. ఇల్లు కడిగేటప్పుడు అందరి చెయ్యీ ఫినాయిల్ మీదికే పోతుంది. పిల్లి ఉన్న ఇంట్లో అది పనికిరాదు. దాని కాలేయం ఫినాయిల్‌లోని ఫినాల్‌ను విరిచి బయటికి పంపలేదు, తడి నేల మీద నడిచి కాళ్లు నాక్కుంటే చాలు విషమెక్కడానికి. బ్లీచింగ్ పౌడర్ వాడండి. పది నిమిషాలు ఉంచి, రెండు సార్లు మంచినీళ్లతో కడిగి, నేల పూర్తిగా ఆరాకే వదలండి. లేకపోతే అరికాళ్లు పొక్కుతాయి.

వరద నీళ్లలో నడిచిన కుక్కను అదే రోజు సబ్బుతో కడిగి, వేళ్ల సందులు గుడ్డతో ఒత్తి ఆరబెట్టండి. తర్వాత రెండు వారాలు కళ్లు పెట్టి చూడండి. ఎలుకల మూత్రం కలిసిన నీళ్ల వల్ల లెప్టోస్పైరోసిస్ వస్తుంది. జ్వరం, వాంతులు, చిగుళ్లు పచ్చబడటం, మూత్రం టీ డికాక్షన్ రంగులోకి మారడం దాని గుర్తులు. ఏది కనపడ్డా ఆ రోజే చూపించండి. అది మనుషులకూ అంటుతుంది, ఆ మూత్రం కడిగేటప్పుడు చేతులకు కవర్లు తొడుక్కోండి. ఒళ్లు కాలుతోందని ఇంట్లో ఉన్న పారాసిటమాల్ వేయకండి. పిల్లికి సగం గోళీ చాలు ప్రాణం తీయడానికి, ఫెర్రెట్‌కు కూడా అంతే.