ఇంటిపేరు గొడవ

పన్నెండు దాటినా నిద్ర పట్టడం లేదు. పెళ్లి భోజనం అరగక కాదు, బావ మాట అరగక.

పంక్తిలో పక్కన కూర్చున్నాడు కదా అని, నేను రాత్రిళ్లు వినే ఆ మారియానో రికార్డు సంగతి నోరు జారాను. చార్లీ మారియానో అమెరికా జాజ్ శాక్సోఫోన్ విద్వాంసుడు, అందులో పియానో మాత్రం తోషికో అనే జపాను ఆమెది. ‘‘జపానువాళ్ల జాజ్ ఏమిటి, వాళ్లవన్నీ నకళ్లే’’ అన్నాడు పప్పులో నెయ్యి కలుపుకుంటూ. మమ్మల్ని పెళ్లికి తీసుకొచ్చింది జపాను కారులోనే. నోట్లో గారె ఉండి ఊరుకోవలసి వచ్చింది, ఆ కసి ఇక్కడ తీర్చుకుంటున్నాను. ఆ పియానో ఆమె, తోషికో అకియోషి, మంచూరియాలో పుట్టింది. యుద్ధం తరువాత ఉన్నదంతా పోగొట్టుకుని కుటుంబం జపాను చేరితే, బెప్పులో ఒక డాన్సు హాలులో పియానో వాయించింది. 1956లో అమెరికాలో, బోస్టన్‌లోని బెర్క్‌లీ సంగీత పాఠశాలలో చేరింది. నకలు కోసమే అయితే అంత దూరం ఎందుకు, రికార్డులు జపానులోనూ దొరికేవిగా! 1967లో జపాను సడావో వతానబె, ఈ చార్లీ మారియానో కలిసి చేసిన రికార్డు ఒకటి ఉంది. ఇద్దరిదీ ఆల్టో శాక్సోఫోనే. కళ్లు మూసుకుని విని, ఎవరిది నకలో చెప్పమనండి బావను.

నన్ను అడిగితే నేనూ తడబడతాననుకోండి.

అయినా నకలైతే మాత్రం తప్పేమిటి? మారియానో కుర్రతనంలో అమెరికా జాజ్ దిగ్గజం చార్లీ పార్కర్ బాణీ వెంట పడ్డవాడే. తాతయ్యగారి ఊళ్లో సన్నాయి తాత కొడుకు ఏళ్ల తరబడి తండ్రి వెనక కూర్చుని శ్రుతి పట్టాడు. తండ్రి ఊపిరి తీసిన చోటే తనూ తీసేవాడు. ఆ తాత సన్నాయికి దారంతో పీకల గుత్తి వేలాడేది. అందులో ఒకటి ఎంచి, నోట్లో నానబెట్టి, కుయ్యిమనిపించి, మొహం చిట్లించి వదిలేసి, ఇంకొకటి అందుకునేవాడు. ఎదురుగా చింతపండు చప్పరిస్తే ఊదలేడని ఎవరో చెబితే నిజంగానే చప్పరించాను. ఆయన ఆపలేదు, కళ్లతో నవ్వాడు. అమ్మ మాత్రం వీపు మీద ఒకటి వేసింది. మారియానో తరవాతి కాలంలో మన దక్షిణాదికి వచ్చి నాదస్వరం నేర్చుకున్నాడని చదివినప్పుడల్లా నా నోరు పుల్లబడుతుంది.

బావకు ఫొటో పంపుదామని ఇందాక నేను రాత్రిళ్లు వినే ఆ రికార్డు అట్ట బయటికి తీశాను. 1960లో చేసిన రికార్డు. ‘తోషికో మారియానో క్వార్టెట్’ అని ఉంది, క్వార్టెట్ అంటే నలుగురి బృందం. ఇన్నేళ్లూ దాన్ని మారియానో రికార్డు అంటున్నది నేనే! ముందున్నది ఆమె పేరు. అందులోని ‘లాంగ్ యెల్లో రోడ్’ ఆమె కట్టిన బాణీ. బావను ఏ మొహంతో అనను? ఇంతకీ అవి ఇద్దరి పేర్లా, పెళ్లయ్యాక మారిన ఒక్క ఆమె పేరా? వాళ్లిద్దరూ 1959లో పెళ్లి చేసుకున్నారు మరి. జపానులోనూ మనలాగే ఇంటిపేరు ముందు చెబుతారు, ఈ అట్ట మీదేమో తిరగబడింది. అమ్మ పాత పుస్తకాల మీద ఒక ఇంటిపేరు, రేషన్ కార్డులో ఇంకొకటి.

ఫొటో పంపలేదు.

అన్నట్టు, పెళ్లి బాగా జరిగింది.