గారు తీసేస్తే 12 బైట్లు పోతాయి సార్

ఎం.ఏ. తెలుగు పిల్లలకు ఇంటర్నల్ మార్కుల కోసం ఏటా అసైన్‌మెంట్ ఇస్తాం. ముప్పై కట్టలు వస్తాయి, దిద్దుతాం, బీరువా మీద పడేస్తాం. రెండేళ్ళకు పాత కాగితాలవాడు తూకానికి పట్టుకుపోతాడు. ఒక సెమిస్టర్ మాత్రం, ఆ రాసేదేదో తెలుగు వికీపీడియాలోనే రాయిద్దామనుకున్నాను. ఐదారేళ్ళుగా అక్కడ అచ్చుతప్పులు దిద్దుతున్న అనుభవం ఉంది కదా, నేర్పడానికి అది చాలనుకున్నాను.

మొదటి రోజే ల్యాబులో బోల్తా పడ్డాం. అందరూ ఒకేసారి ఖాతా తెరవబోతే ఆరుగురికి తెరుచుకుంది, ఏడో అమ్మాయి దగ్గర ఆగిపోయింది. ఒక ఐపీ అడ్రసు (ఇంటర్నెట్ కనెక్షన్‌కు ఉండే నంబరు) నుంచి రోజుకు ఆరు ఖాతాలకు మించి తెరవనివ్వరు. మా ల్యాబు మొత్తానికీ బయటికి కనిపించే అడ్రసు ఒక్కటే. ముందే అడిగి ఉంటే ఆ రోజుకు ఆ పరిమితి ఎత్తేసేవాళ్ళట. మిగతావాళ్ళను ఎవరి ఫోన్లో వాళ్ళు డేటా వేసుకుని తెరవమన్నాను. ఆ సందట్లో కాలక్షేపానికి కొమర్రాజు వెంకట లక్ష్మణరావు సంగతి చెప్పాను. 'ఆంధ్ర విజ్ఞాన సర్వస్వము' మూడు సంపుటాలు తెచ్చి, ఇంకా 'అ' దగ్గరే ఉండగా 1923లో పోయాడాయన. "మరి 'హనుమకొండ' ఎప్పటికొచ్చేది సార్?" అంది వెనక బెంచీ.

రెండో పొరపాటు మార్కుల్లో చేశాను. ఎవరెంత రాశారో పేజీ చరితంలో బైట్ల లెక్కన కనబడుతుంది కాబట్టి, 5,000 బైట్లు రాస్తే పది మార్కులన్నాను. పెద్ద అంకె కదా, బాగానే రాయాల్సి వస్తుందనుకున్నా. తీరా చూస్తే తెలుగులో ఒక్కో గుర్తుకు 3 బైట్లు. 'శ్రీ' మనకు ఒక్కటే అక్షరం. కంప్యూటరుకు మాత్రం శ, పొల్లు, ర, గుడిదీర్ఘం కలిసి నాలుగు గుర్తులు, 12 బైట్లు. ఆ లెక్కన 5,000 అంటే రెండువందల పైచిలుకు మాటలు. ఇది నాకన్నా ముందు పిల్లలకు అర్థమైంది.

తెలుగు వికీపీడియా వ్యాసాల్లో పేరుకు ముందు శ్రీ, వెనక గారు పెట్టరు. మా వాళ్ళేమో తెలుగు శాఖ పిల్లలు. కవి కనబడితే చాలు, సుప్రసిద్ధ, మహోన్నత, సాటిలేని మేటి. అవన్నీ తీసెయ్యమంటే ఒకడు లేచి, "గారు తీసేస్తే 12 బైట్లు పోతాయి సార్" అన్నాడు. ఇంకొకతను నిజంగానే నొచ్చుకున్నాడు. పెద్దాయన పేరు అట్లా బోడిగా రాయడానికి చెయ్యి రావట్లేదన్నాడు. "రుద్రమదేవి గారు అని ఏ చరిత్ర పుస్తకంలోనైనా చదివావా?" అన్నాను. ఒప్పుకుని వ్యాసంలో తీసేశాడు గానీ, చర్చ పేజీలో మాత్రం 'గారు' అనే రాసుకున్నాడు. మర్నాటి నుంచి బైట్ల మార్కులు ఎత్తేశాను. పేరాకొక మూలం చూపిస్తేనే మార్కు.

నాకు అన్నిటికన్నా భయం కాపీలంటే. 2011లో పూణెలో, వికీపీడియాను నడిపే వికీమీడియా ఫౌండేషన్ కాలేజీ విద్యార్థుల చేత ఇంగ్లీషు వికీపీడియాలో రాయిస్తే, ఎక్కడెక్కడివో ఎత్తి పోసిన పేజీలను తుడవలేక అక్కడి వాడుకరులు తలలు పట్టుకున్నారు. ఆ కార్యక్రమం ఆ ఏడాదే ఆగిపోయింది. అందుకని మా వాళ్ళను మూడు వారాలు ప్రయోగశాల పేజీలు, అంటే వికీపీడియాలో సాధన కోసం ఉండే చిత్తు పేజీలు, దాటనివ్వలేదు. కాపీలు అనుకున్నంత రాలేదు. వాటి బదులు యంత్రానువాదాలు దిగాయి. "ఈ ఆలయం కాకతీయ రాజుల ద్వారా నిర్మించబడింది" అని ఒకే వాక్యం నలుగురి పేజీల్లో కనబడింది. "పొద్దున మీ మెస్సులో పప్పు వంటమనిషి ద్వారా వండబడిందా?" అని అడిగాను. మిగతా సెమిస్టరంతా మెస్సు గురించి వాళ్ళు అట్లాగే మాట్లాడుకున్నారు.

పరకాల వైపు నుంచి వచ్చే అమ్మాయి తమ ఊరి పేజీ తీసుకుంది. పేజీ అప్పటికే ఉంది. 2011 జనగణన ప్రకారం ఇన్ని ఇళ్ళు, ఇంత జనాభా, మండల కేంద్రానికి ఇన్ని కిలోమీటర్లు. వేల ఊళ్ళకు ఒకే అచ్చులో పోసిన వాక్యాలు. ముందు జిల్లా సరిచెయ్యాల్సి వచ్చింది. 2016 దాకా వరంగల్, తర్వాత వరంగల్ గ్రామీణ, 2021 నుంచి హనుమకొండ. ఊరు మాత్రం ఉన్నచోటే ఉంది. ఆ పని చేసి, కింద తన సొంత వాక్యం ఒకటి చేర్చింది: ఊరి చెరువు కాకతీయుల కాలం నాటిది. తెల్లారి చూస్తే ఆ వాక్యం పక్కన 'ఆధారం చూపాలి' అని వేలాడుతోంది.

"మా తాత చెప్పిండు సార్. తాత అబద్ధం చెప్తడా?"

చెప్పడు. కానీ చదివేవాళ్ళు తాతను ఎక్కడికెళ్ళి అడుగుతారు? ఆ మాట అనడానికి నాకే కష్టంగా ఉంది. జిల్లా శాసనాల సంపుటం తీసి చూడమన్నాను. నాలుగు రోజులు లైబ్రరీలో దాన్ని ముందేసుకుని కూర్చుంది. పక్క ఊరి శాసనం దొరికింది, వాళ్ళ ఊరిది లేదు. నేను చెప్పకముందే తన వాక్యం తానే తీసేసింది. మార్పు సారాంశం పెట్టెలో 'ఆధారం దొరకలేదు, వెతుకుతున్నాను' అని రాసింది. ఆ చోట జనగణన పుస్తకంలోంచి చెరువు కింద పారే హెక్టార్ల లెక్క పెట్టి, సంక్రాంతికి ఇంటికి పోయినప్పుడు మత్తడి ఫోటో తీసి, వికీపీడియా బొమ్మలు దాచే కామన్స్‌లోకి ఎక్కించింది.

పేజీ మొత్తం తాతకు చదివి వినిపించిందట. ఆయన చివరిదాకా విని, "అంతా మంచిగనే ఉంది. చెరువు కట్టిందెవలో రాయలేదేంది బిడ్డా?" అన్నాడట.