బూవే ద్వీపం ఎక్కడుంది?

కొంతకాలంగా రాత్రిపూట పాత సముద్ర పటాలు చూస్తూ కూర్చుంటున్నాను. వాటిలో బూవే ద్వీపం నన్ను అసలు వదలడం లేదు.

దక్షిణ అట్లాంటిక్‌లో, దాదాపు పూర్తిగా హిమానీనదం కప్పేసిన అగ్నిపర్వత దీవి అది. వైశాల్యం సుమారు 49 చదరపు కిలోమీటర్లు. 1739 జనవరి 1న ఫ్రెంచి నావికుడు బూవే దాన్ని మొదట చూశాడు. దీవి అని తేల్చుకునే వీలు కూడా దొరకలేదు. దక్షిణ ఖండపు కొన కావచ్చనుకుని, ఆ రోజు వచ్చిన క్రైస్తవ పండుగ పేరు పెట్టాడు. రేఖాంశం, అంటే తూర్పు పడమరల్లో దాని స్థానం, మాత్రం తప్పుగా నమోదైంది. దాన్ని లెక్కగట్టాలంటే కచ్చితమైన సమయం తెలియాలి. సముద్రం మీద సరైన సమయం చూపే గడియారం లేని రోజులవి, ఆయన్ని తప్పు పట్టడానికి నాకు మనసు రాదు. తర్వాత జేమ్స్ కుక్ అంతటివాడు వెతికినా దొరకలేదు. బూవే చూసింది మంచుకొండే అయి ఉంటుందనుకున్నాడు!

1808లో తిమింగలాల వేట ఓడలవాళ్లు మళ్లీ చూశారు. 1825లో నారిస్ అనే ఇంగ్లీషు నావికుడు దానికి లివర్‌పూల్ అని పేరు పెట్టి, దగ్గర్లో థామ్సన్ అనే మరో దీవి కూడా ఉందన్నాడు. ఆ రెండో దీవి నిజంగా ఉందని ఎప్పుడూ తేలలేదు, అయినా పటాల్లో ఎన్నో దశాబ్దాలు నిలిచింది. ఒకరు గీసిన చుక్కను చెరపడానికి ఇంకొకరు అంత దూరం వెళ్లి, ఖాళీ సముద్రాన్ని చూసి రావాలి. ఎంత ఓపిక కావాలో!

చివరికి 1898లో జర్మన్ నౌక వాల్దీవియా అసలు దీవి స్థానాన్ని సరిగ్గా తేల్చింది. 1927లో నార్వేవాళ్లు దిగి అది తమదని ప్రకటించారు, పేరు మాత్రం బూవేదే ఉంచారు. అందుకు వాళ్లంటే నాకు చాలా గౌరవం.