ఫీనిక్స్ ఎండలో రీజనల్ జెట్: గీత ఎక్కడ, బేరం ఎక్కడ

అమెరికా వచ్చి ఎయిర్‌లైన్ ఆపరేషన్స్‌లోనో, గేటు దగ్గరో, ర్యాంప్ మీదో కుదురుకున్న మనవాళ్ళని మొదటి వేసవిలో ఎండ కంటే కొలతలే ఎక్కువ తికమక పెడతాయి. ఫోన్‌లో ఎండ ఫారన్‌హీట్‌లో, మెటార్‌లో (విమానాశ్రయం ఇచ్చే వాతావరణ నివేదిక) సెల్సియస్‌లో. ఇంధనం ట్రక్కు మీటర్లో గ్యాలన్లు, కాక్‌పిట్‌లో పౌండ్లు. ఫీనిక్స్ స్కై హార్బర్ విమానాశ్రయంలో పనిచేసేవాళ్ళు ముందుగా బట్టీ పట్టాల్సిన జత ఒక్కటే: 118 ఫారన్‌హీట్ అంటే 47.8 సెల్సియస్.

2017 జూన్ 20న అమెరికన్ ఎయిర్‌లైన్స్ పేరుతో నడిచే రీజనల్ సర్వీసులు 40కి పైగా రద్దయింది ఈ అంకె వల్లే. ఎండ 120 ఫారన్‌హీట్ దాకా వెళ్తుందని సూచన వచ్చింది, 119 దాకా వెళ్ళింది. రద్దయినవి బంబార్డియర్ సీఆర్‌జేలు అనే చిన్న జెట్‌లు, వాటి ఎండ హద్దు 118. పక్క గేట్ల నుంచి పెద్ద ఎయిర్‌బస్‌లు, బోయింగ్‌లు మామూలుగానే ఎగిరాయి, ఆ పెద్దవాటి హద్దు 126, 127 దగ్గర ఉంది కాబట్టి.

118 ఎక్కడి నుంచి వచ్చిందో కాగితం మీద వేసి చూడొచ్చు. ప్రామాణిక వాతావరణంలో సముద్రమట్టం దగ్గర 15 సెల్సియస్ డిగ్రీలు, ప్రతి వెయ్యి అడుగులకూ దాదాపు 2 డిగ్రీలు తగ్గుతుంది. స్కై హార్బర్ ఎత్తు 1,135 అడుగులు, అంటే అక్కడ ప్రామాణికం 12.75. సీఆర్‌జే ఫ్లైట్ మాన్యువల్ ఒప్పుకునేది ప్రామాణికం మీద 35 డిగ్రీల వరకే. కూడితే 47.75.

ఇందులో కొత్తవాళ్ళు జారేచోటు ఒకటుంది. లెక్కలో వేయాల్సింది ప్రెజర్ ఎత్తు (గాలి పీడనాన్ని బట్టి లెక్కకట్టే ఎత్తు), మ్యాపులో ఉన్న ఎత్తు కాదు. ఎడారి వేసవిలో పీడనం పడిపోతుంది. ఆల్టిమీటర్ సెట్టింగు (పీడనం, పాదరసం అంగుళాల్లో) మామూలు 29.92 నుంచి 29.75కి దిగితే ప్రెజర్ ఎత్తు సుమారు 1,300 అడుగులు, హద్దు 47.4 దగ్గరికి జారుతుంది. మెటార్‌లో పైన 48 అని గుండ్రంగా కనిపించేది, చివర టీ అక్షరంతో మొదలయ్యే గుంపులో 0478 (47.8) అని ఉండొచ్చు, 0483 (48.3) అనీ ఉండొచ్చు. పదోవంతులు చూడకుండా ఔననీ కాదనీ చెప్పకండి.

ఆ గీత దాటితే రెక్కలు పనిచేయవని కాదు. పరీక్షించి, ధ్రువీకరించి ఇచ్చిన చార్టులు అక్కడితో అయిపోతాయి. చార్టు లేనిచోట అంచనాతో గీత పొడిగించే అధికారం పైలట్‌కీ లేదు, నేల మీద ఫ్లైట్ ప్లాన్ వేసే డిస్పాచర్‌కీ లేదు. 1990 జూన్ 26న ఫీనిక్స్‌లో 122 ఫారన్‌హీట్ నమోదైనప్పుడు కొంతసేపు టేకాఫ్‌లు ఆగింది ఇందుకే: అప్పటి చార్టులు 120 దగ్గరే ఆగాయి.

గీత దగ్గర వాదనే లేదు, ఆ పని సులువు. రోజూ నలిగేది దానికి చాలా కింద, 40, 42 సెల్సియస్ దగ్గర. అక్కడ విమానం ఎగరొచ్చు, ఎంత బరువుతో అన్నదే బేరం.

48 డిగ్రీల్లో గాలి సాంద్రత, అదే చోట 15 డిగ్రీలప్పటి కంటే పదోవంతు తక్కువ. ఎయిర్‌స్పీడ్ మీటరు 140 నాట్లు చూపేసరికి విమానం నిజంగా 150 దాటి దూసుకుపోతుంటుంది. రన్‌వే ఎక్కువ మింగుతుంది, టైరు వేగం హద్దు దగ్గర పడుతుంది, టేకాఫ్ మానుకుంటే బ్రేకులు పీల్చుకోవాల్సిన శక్తి పెరుగుతుంది. ఇంజన్లదీ అదే కథ: సీఆర్‌జేలకి ఉండే సీఎఫ్34 లాంటివి సముద్రమట్టం దగ్గర సుమారు 30 డిగ్రీల దాకానే పూర్తి బలం నిలబెడతాయి, ఆపైన టర్బైన్ కాలకుండా బలం తగ్గించుకోవాలి. ఫ్లెక్స్ టేకాఫ్ (ఇంజన్ బలం కావాలని తగ్గించి ఎగరడం) మాట మరిచిపోండి.

రన్‌వే పొడవు ఉంది కదా, ఇంకేం అనిపిస్తుంది. చాలాసార్లు కట్టేసేది రన్‌వే కాదు, ఎక్కుడు. ఒక ఇంజన్ ఆగిపోయినా, చక్రాలు ముడిచాక రెండింజన్ల విమానం 2.4 శాతం వాలుతో ఎక్కగలగాలి. ఫ్లాప్స్ (రెక్క వెనక అంచున దించే పలకలు) 20 డిగ్రీలకి పెడితే రన్‌వే ఆదా అవుతుంది కానీ ఈ ఎక్కుడు దెబ్బతింటుంది. 8 పెడితే తిరగేసి. ఫీనిక్స్ లాంటి పొడవాటి రన్‌వే మీద ఎండలో 8 వైపే మొగ్గు ఎక్కువ. దిగే బరువుకీ గో-అరౌండ్ (దిగడం మానుకుని మళ్ళీ పైకి లేవడం) ఎక్కుడు హద్దు ఉంది. ఎండ ఊరికి వచ్చే ఫ్లైట్‌లో బయల్దేరే చోటే ఇది చూసుకోవాలి.

బరువు హద్దు దాటినప్పుడు ప్రయత్నించే వరస సాధారణంగా ఇదీ: రెండు ఫ్లాప్ సెట్టింగులతోనూ లెక్క, ఎదురుగాలి ఇచ్చే రన్‌వే, ఇంజన్ బ్లీడ్ (ఇంజన్ నుంచి తీసే గాలి) మూసి ప్యాక్‌లకి (క్యాబిన్ ఏసీ యంత్రాలు) ఏపీయూ (తోకలోని చిన్న సహాయక ఇంజన్) గాలి ఇవ్వడం, దూరపు ఆల్టర్నేట్ (గమ్యంలో దిగలేకపోతే వెళ్ళే విమానాశ్రయం) బదులు దగ్గరిది వెతికి ఇంధనం తగ్గించడం. ఆ తర్వాతే కార్గో, ఆఖరున మనుషులు. ఇంకా 1,900 పౌండ్లు ఎక్కువుంటే, మనిషికి 190 లెక్కన, పదిమంది దిగాలి. అన్నిటికంటే మంచి మందు మాత్రం టైమ్‌టేబుల్: సాయంత్రం 3 నుంచి 6 దాకా వేడి కొసన ఉంటుంది, దాన్ని తప్పించడమే.

దిగమన్నప్పుడు గేటు దగ్గర పడే కేకలకి సిద్ధంగా ఉండాలి, నియమం నోటికి రావాలి. 60 సీట్లు లేదా అంతకు తక్కువ విమానంలో, భద్రత కోసం బరువు పరిమితితో ఎక్కనివ్వకపోతే, ఓవర్‌బుకింగ్‌కి ఇచ్చే పరిహారం అమెరికా నిబంధనల ప్రకారం ఇవ్వనక్కర్లేదు. 50 సీట్ల సీఆర్‌జే 200 ఇందులోకి వస్తుంది. 76 సీట్ల సీఆర్‌జే 900 రాదు. మాట ఇచ్చేముందు ఏ విమానమో చూడండి, ఎందుకంటే చివరి నిమిషంలో విమానం మారడం మామూలే.

ర్యాంప్ మీద తప్పులు చిన్నవిగా మొదలవుతాయి. కిటికీ తెరలు ఎత్తి వదిలేస్తే క్యాబిన్ పొయ్యిలా మారుతుంది, ఏపీయూ ఒక్కటే దాన్ని దించలేదు, తన ఎగ్జాస్ట్ వేడి హద్దు దాటితే తనే ఆగిపోతుంది. జెట్ బ్రిడ్జి నుంచి వచ్చే పసుపు చల్లగాలి గొట్టం విమానం ఆగగానే తగిలించాలి, బోర్డింగ్‌కి పది నిమిషాల ముందు కాదు. గొట్టం మెలికపడితే చల్లగాలి యంత్రం బాగానే తిరుగుతుంది, గాలి మాత్రం లోపలికి పోదు. గొట్టం వెంట నడిచి చూడాల్సిందే. వేడి బ్రేకులున్న చక్రాన్ని పక్కనుంచి కాదు, ముందునుంచో వెనకనుంచో సమీపించాలి. కార్గో తలుపు పిడి వట్టిచేత్తో పట్టుకోకండి.