ఊటీ రైలుకు అసలు హీరో వెనక ఉంటాడు

ఊటీ రైల్లో అందరూ కిటికీ సీటు కోసం పోటీ పడతారు. నేను మాత్రం పొద్దున్నే మేట్టుపాళయం ప్లాట్‌ఫాం చివరికి నడిచాను. ఇంజన్ ఉండేది అక్కడే. కొండెక్కేటప్పుడు అది బండిని లాగదు, వెనక నుంచి నెడుతుంది. ఎక్కడైనా లింకు తెగినా పెట్టెలు కిందికి జారిపోకుండా అడ్డంగా అదే ఉంటుంది.

దీన్ని ఎక్స్ క్లాస్ అంటారు. కూనూర్ దాకా 1899లో లైను వేసింది బ్రిటిష్ జమానాలోనే అయినా ఈ ఇంజన్లు మాత్రం స్విట్జర్లాండ్‌వి. వింటర్‌థూర్‌లోని ఎస్‌ఎల్‌ఎం కంపెనీ 1913, 1925 మధ్య 12 ఇంజన్లు చేసి ఇచ్చింది. కొండ రైళ్లంటే స్విస్ వాళ్లే మరి! పళ్లున్న కడ్డీని ఇంజన్ పళ్ల చక్రం పట్టుకుని ఎక్కే ఇక్కడి పళ్ల పట్టా పద్ధతి కూడా రోమన్ అబ్ట్ అనే స్విస్ ఇంజనీరుదే.

కల్లార్ దాటగానే కింద గరగరమని చప్పుడు మొదలైంది. పట్టాల మధ్యలో రెండు పళ్ల కడ్డీలు పక్కపక్కనే ఉంటాయి. ఒకదానిలో పన్ను ఉన్నచోట రెండోదానిలో సందు ఉంటుంది కాబట్టి ఇంజన్ పళ్ల చక్రానికి పట్టు ఎప్పుడూ తప్పదు. ఎక్కుడు మరీ నిటారుగా ఉన్నచోట 12 మీటర్లు ముందుకెళ్తే ఒక మీటరు పైకి లేస్తుంది. మామూలు చక్రాలైతే జారిపోవాల్సిందే.

హిల్‌గ్రోవ్‌లో నీళ్లు పట్టడానికి ఆపితే దిగి ఇంజన్ దగ్గరికెళ్లాను. పక్కకు రెండు చొప్పున, ఒకదానిమీద ఒకటిగా నాలుగు సిలిండర్లు. చదునులో కింది జతే పనిచేస్తుంది. పళ్ల పట్టా మీదికొచ్చాక ఆ జత వాడి వదిలిన ఆవిరే పై జతలోకి వెళ్లి పళ్ల చక్రాన్ని తిప్పుతుంది. ఒకే ఆవిరితో రెండుసార్లు పని! ఈ పొదుపు ముందు దారి పొడవునా ఉన్న లోయలు, జలపాతాలు నాకు పెద్దగా ఆనలేదు. మావాళ్లు వింటే తిడతారు.

స్వతంత్రం వచ్చాక, 1952లో, మనవాళ్లు మళ్లీ అదే కంపెనీ నుంచి అదే రకం ఇంకో 5 తెప్పించారు. ఆ తర్వాత తిరుచ్చిలోని గోల్డెన్ రాక్ వర్క్‌షాప్ ఆయిల్ మండించి నడిపే కొత్త ఆవిరి ఇంజన్లను తయారుచేసింది. ఇంధనం మారింది కానీ సిలిండర్ల అమరిక జోలికి ఎవరూ పోలేదు. పోవాల్సిన అవసరమూ లేదు.

28 కిలోమీటర్లకు మూడు గంటలకు పైగా పట్టింది. కూనూర్‌లో ఆవిరి ఇంజన్ తీసేసి డీజిల్ తగిలిస్తారు. అక్కడి నుంచి ఊటీకి పళ్ల పట్టా లేదు, ఎక్కుడు కూడా తక్కువే. టికెట్ ఊటీ దాకా ఉన్నా నేను అక్కడే దిగిపోయి, లోకో షెడ్ ఎటని పోర్టర్‌ని అడిగాను.