సంచిలో రెండు లుంగీలు

పొద్దున కోర్టుకు వెళ్లేసరికి ఆ కుర్రాడి తల్లి అప్పటికే వేపచెట్టు అరుగు మీద కూర్చుని ఉంది. ఒళ్లో బట్టల షాపు సంచి. నన్ను చూడగానే లేచి సంచి తెరిచి చూపించింది. రెండు లుంగీలు, తువ్వాలు, ఒంటి సబ్బు, పళ్లపొడి ప్యాకెట్టు. "ఇవి సరిపోతాయా మేడమ్? దుప్పటి లోపలికి రానిస్తారా?" అని అడిగింది. కొడుకు జైలుకు పోతాడని మనసు గట్టి చేసుకునే వచ్చింది.

లీగల్ ఎయిడ్ (ఉచిత న్యాయసహాయం) తరఫున లాయరుగా నాకు అప్పగించిన కేసు. 2021లో ఒక రైతు పొలంలో బోరు మోటారు కేబుల్ వైరు కోసి, పై తొడుగు కాల్చేసి, లోపలి రాగిని పాత సామాన్ల కొట్లో అమ్మాడు. అప్పటికి వాడికి పద్దెనిమిది నిండి కొన్ని నెలలే. ఇప్పుడు 22. టైల్స్ మేస్త్రీ దగ్గర పనిచేస్తున్నాడు. ఆ తర్వాత వాడి మీద ఇంకో కేసు లేదు.

పదకొండున్నరకు పిలిచారు. నేరం రుజువైందని చెప్పి జడ్జి గారు, "శిక్ష విషయంలో చెప్పుకునేది ఏమైనా ఉందా?" అని అడిగారు. వాడు బోను చెక్కను రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు. గోళ్ల సందుల్లో తెల్ల సిమెంటు ఇంకా అలాగే ఉంది. "తప్పయింది సార్" అన్నాడు. ఇంకేం అనలేదు.

ఎన్నిసార్లు విన్నా ఆ ప్రశ్న దగ్గర నాకు గుండె జారుతుంది. మనిషి బతుకంతా కోర్టు ముందు పెట్టుకోవడానికి చట్టం తెరిచిన తలుపు అది. ఆ తలుపు దగ్గర అందరూ ఈ రెండు ముక్కలే చెప్పి ఊరుకుంటారు. ఉరిశిక్ష కేసుల్లో నేరంతో పాటు నేరస్తుణ్ణి కూడా చూడాలని 1980లో బచన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసుల్లో ముద్దాయి కుటుంబం, చదువు, మానసిక స్థితి లాంటి వివరాలు విచారణ కోర్టు దశలోనే సేకరించాలని 2022లో మళ్లీ చెప్పింది. మరి రాగి వైరు దొంగ గురించి ఎవరు సేకరిస్తారు? ఆ పని నాదే.

జైలుకు పంపకుండా షరతుల మీద వదిలే ప్రొబేషన్ చట్టం కింద నేను నాలుగో సెక్షన్ అడిగాను. అసలు వాడికి దక్కాల్సింది ఆరో సెక్షన్. అదే నన్ను సాయంత్రం నుంచీ తినేస్తోంది.

1958 నాటి ప్రొబేషన్ చట్టంలో ఆరో సెక్షన్ 21 ఏళ్లలోపు వాళ్ల కోసం. యావజ్జీవం పడే నేరం కాకపోతే వాళ్లను జైలుకు పంపకూడదు. పంపక తప్పదనుకుంటే, ముద్దాయి నడవడి, పరిస్థితులు విచారించే ప్రొబేషన్ ఆఫీసర్ రిపోర్టు తెప్పించుకుని చూడాలి, కారణాలు రాయాలి. నాలుగో సెక్షన్ ఏ వయసు వాళ్లకైనా వర్తిస్తుంది. మంచి నడవడితో ఉంటానని బాండు రాయించుకుని, మూడేళ్లకు మించని గడువు పెట్టి వదలవచ్చు. ఒక చోట "కూడదు", ఇంకో చోట "వచ్చు". అయితే లెక్కలోకి వచ్చే వయసు నేరం చేసిన రోజుది కాదు, కోర్టు దోషిగా తేల్చిన రోజుది. 1963లోనే సుప్రీంకోర్టు చెప్పిన మాట.

అంటే ఈ కేసు 21 నిండకముందే తేలి ఉంటే వాడికి "కూడదు" దక్కేది. ఎస్సై బదిలీ అయ్యారని ఒక వాయిదా, సాక్షి రాలేదని మూడు. రెండు వాయిదాలు నేనడిగినవే. ఒకటి మా చెల్లి పెళ్లికి. ఆ రోజు మెమో మీద సంతకం పెడుతూ వాడి పుట్టినరోజు ఎప్పుడని చూసుకోలేదు. హక్కుగా రావలసిన దాన్ని నేను ఈరోజు దయగా అడిగాను.

ఫిర్యాది రైతు కూడా వచ్చాడు. మధ్యాహ్నం టీ కొట్టు దగ్గర కనిపించాడు. "పది రోజులు నీళ్లు పెట్టలేకపోతే మిరప వాడిపోయిందమ్మా. వాణ్ణి లోపలేస్తే నాకేం వస్తది, వదిలేస్తే నాకేం వస్తది?" అన్నాడు. కోపంగా కూడా అనలేదు, అలసిపోయి అన్నాడు. నాకు సిగ్గేసింది. కుర్రాడి తరఫున అంతసేపు మాట్లాడినదాన్ని, ఈయన ఎండిన తోట గురించి ఒక్క మాటతో సరిపెట్టాను. వదిలిపెట్టేటప్పుడు నష్టపరిహారం కట్టమని ఆదేశించే అధికారం అదే చట్టం ఐదో సెక్షన్ కోర్టుకు ఇచ్చింది. వాడు నెలనెలా కడతాడని చెప్పాను కానీ, ఎంతో లెక్క వేసి చూపించలేదు. రేపు ఆయనకు ఫోన్ చేసి కేబుల్ బిల్లు, కౌలు కాగితం ఉన్నాయేమో అడగాలి.

జడ్జి గారు చివరికి ప్రొబేషన్ ఆఫీసర్ రిపోర్టు తెమ్మని వాయిదా వేశారు. వాడి బెయిలు కొనసాగించారు. బోను దిగి తల్లి పక్కన నిలబడ్డాడు కానీ ఏం జరిగిందో వాడికి అర్థం కాలేదు. రెండుసార్లు చెప్పాను. తల్లికి మాత్రం ఒక్కసారికే అర్థమైంది.

గేటు దగ్గర ఆగి, "వచ్చే వాయిదాకు ఈ సంచి తేవాలా మేడమ్?" అంది.

వద్దని చెప్పాలని నోటిదాకా వచ్చింది.

"తెచ్చుకోండమ్మా" అన్నాను.