మల్లెమొగ్గల టీ, బెల్లం ముత్యాలు

నిన్న రాత్రి వంటింట్లో లైటు తీసేసి పడుకోబోతూ మళ్లీ వెనక్కి వచ్చి, స్టవ్ పక్కన గట్టు మీద పెట్టిన స్టీలు డబ్బా మూత తీశాను. సాయంత్రం అయిదున్నరకి మేడ మీద కుండీల్లో కోసినప్పుడు ఆ గుండుమల్లె మొగ్గలు గట్టిగా మూసుకుని ఉన్నాయి. వాసన కూడా పెద్దగా లేదు. తొమ్మిదిన్నరయ్యేసరికి గ్రీన్ టీ ఆకు మధ్యలో ఒక్కొక్కటే విచ్చుకున్నాయి. మూత తీయగానే గదంతా గుప్పుమంది. హాల్లోంచి అమ్మ, "ఎవరే, ఈ వేళప్పుడు పూలు పెట్టుకుంది?" అంది.

తైవాన్ నుంచి వచ్చేశాక బబుల్ టీ (గ్లాసు అడుగున ముత్యాల్లాంటి, నమిలే ఉండలు వేసిన చల్లటి పాల టీ) గురించి నన్ను చాలామంది అడుగుతున్నారు. ముఖ్యంగా పూల వాసన వచ్చే రకం ఇంట్లో చేసుకోవచ్చా అని. చేసుకోవచ్చు. కానీ సీసాలో సిరప్ కొని పాలల్లో కలిపేస్తే అది రాదు. పూల వాసన ఆకుకి పట్టాలి. ఈ ఒక్క విషయం చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

మా వారి ఉద్యోగం కోసం సిన్‌చూలో నాలుగేళ్లున్నాం. చిప్‌లు తయారుచేసే కంపెనీలున్న ఊరు, మన తెలుగువాళ్లు బాగానే కనిపిస్తారు. మా అపార్ట్‌మెంట్ కింద చిన్న టీ కొట్టు ఉండేది. నేను చైనీస్‌లో మొదట నేర్చుకున్న మాటలు అక్కడివే: "బాన్ తాంగ్, షావ్ బింగ్". సగం తీపి, తక్కువ ఐసు. తీపి ఎంత, ఐసు ఎంత అని అడగకుండా అక్కడ ఎవరూ గ్లాసు చేతికివ్వరు. మేం బబుల్ టీ అంటున్నదాన్ని వాళ్లు జెంజూ నైచా అంటారు, అంటే ముత్యాల పాల టీ. ఇందులో 'బబుల్' అనేది అసలు ముత్యాల గురించి కాదు, టీని ఐసుతో కలిపి గట్టిగా గిలకొడితే పైన కట్టే నురగ గురించి అని చాలామంది చెబుతారు. 1980ల్లో పుట్టిందని అందరూ ఒప్పుకుంటారు గానీ, ఎవరు పుట్టించారన్నది మాత్రం తేలలేదు. తాయ్‌చుంగ్‌లోని చున్ షుయ్ తాంగ్, తాయ్‌నాన్‌లోని హాన్‌లిన్, రెండు టీ కొట్లూ మాదంటే మాదని పదేళ్లు కోర్టులో పోరాడాయి. దీనికి పేటెంటేమీ లేదు, ఎవరైనా చేసుకోవచ్చు, కాబట్టి ఎవరు ముందో తేల్చక్కర్లేదని 2019లో కోర్టు చెప్పింది. నాకు ఆ తీర్పు భలే నచ్చింది. నా వంటింటికి కూడా అనుమతి దొరికినట్టనిపించింది.

అక్కడ నాకు ప్రాణంగా ఉండేది మల్లె గ్రీన్ టీతో చేసిన పాల టీ. మొదటిసారి తాగినప్పుడు కళ్లు మూసుకుంటే వేసవి రాత్రి సామర్లకోటలో మేడ మీద మంచాలేసుకుని పడుకున్నట్టే ఉంది. తర్వాత తెలిసింది, ఆ వాసన అలా అనిపించడంలో వింతేమీ లేదని. టీకి వాడే మల్లె, మనం జడలో పెట్టుకునే మల్లె ఒకటే జాతి. చాంగ్‌హువా జిల్లాలో హువాతాన్ అనే ఊరు మల్లెతోటలకి పేరు. ఒక జూన్ నెలలో అక్కడికి వెళ్లాం. మధ్యాహ్నం ఎండలో పెద్ద టోపీలు పెట్టుకున్న ఆడవాళ్లు, ఆ రాత్రికి విచ్చుకునే మొగ్గల్ని మాత్రమే ఏరి కోస్తున్నారు. నిన్న విచ్చిన పువ్వు టీకి పనికిరాదు, వాసన అప్పటికే గాలిలో కలిసిపోయి ఉంటుంది. రేపు విచ్చే పచ్చి మొగ్గా పనికిరాదు. ఆ మొగ్గల్ని రాత్రి ఎండు టీ ఆకుతో కలిపి గుట్టగా పోస్తారు. ఆకుకి చుట్టూ ఉన్న వాసనని పీల్చుకునే గుణం ఉంది (పోపుల డబ్బా పక్కన టీ పొడి పెట్టిన ఎవరికైనా ఇది తెలుసు). పొద్దున్నే పూలు తీసేసి, ఆకు ఆరబెట్టి, మళ్లీ రాత్రికి కొత్త మొగ్గలు. మంచి రకానికి ఇలా ఎన్నో రాత్రులు చేస్తారు. మల్లె టీలో పూరేకులు కనిపించకపోయినా వాసన రావడం ఇందుకే.

హైదరాబాద్ వచ్చాక ఒక కొట్లో జాస్మిన్ బబుల్ టీ అని బోర్డు చూసి మా పాప చెయ్యి పట్టుకుని లాక్కెళ్లింది. ఒక గుక్క తాగి గ్లాసు నాకిచ్చేసింది. "అమ్మా, ఇది అగరుబత్తిలా ఉంది" అంది. నేనూ తాగి చూశాను, నిజమే. ఆ రోజు ఇంటికొచ్చి నర్సరీ నుంచి మూడు గుండుమల్లె కుండీలు తెప్పించాను. అది రెండేళ్ల కిందటి మాట.

పూలు ఇంట్లోవే ఎందుకంటే, బజారులో మూర లెక్కన అమ్మే మల్లెల మీద ఏ మందు కొట్టారో మనకి తెలీదు. జడలో పెట్టుకోవడానికి సరే, కడుపులోకి వెళ్లేదానికి వద్దు. కుండీ లేకపోతే మందు కొట్టని చెట్టున్న ఇల్లు చూసుకోండి. ఆకు కూడా టీ బ్యాగుల్లో వచ్చే దుమ్ములాంటి పొడి కాకుండా విడి ఆకు గ్రీన్ టీ అయితే మంచిది. నేను నీలగిరి ఆకు వాడుతున్నాను. రోజూ కాచుకునే టీ పొడి దీనికి వద్దు, దాని ఘాటు ముందు మల్లె నిలబడదు.

నా లెక్క 20 గ్రాముల ఆకుకి 60 మొగ్గలు. డబ్బాలో ఒక వరస ఆకు, ఒక వరస మొగ్గలు, మళ్లీ ఆకు. మూత వదులుగా పెట్టాలి. పొద్దున్నే లేవగానే పూలు ఏరి తీసేయాలి. బద్ధకించి మధ్యాహ్నం దాకా ఉంచితే వాడిన పువ్వు వాసన, ఒక రకం పచ్చి వాసన పట్టేస్తుంది. పువ్వులోని తడి ఆకుకి ఎక్కుతుంది కాబట్టి అలాగే ఉంచితే బూజు పడుతుంది. పెనం వేడిచేసి, స్టవ్ ఆపేసి, పెనం మీద పల్చటి గుడ్డ పరిచి దాని మీద ఆకు పోసి చేత్తో కదుపుతూ ఉంటాను. ఆకు చేతికి గలగలమని తగిలితే చాలు. ఎక్కువ వేడి తగిలితే రాత్రంతా పట్టిన వాసన అయిదు నిమిషాల్లో ఎగిరిపోతుంది. ఇలా మూడు రాత్రులు. ఒక్క రాత్రితో కూడా టీ బాగుంటుంది గానీ పాలు పోశాక వాసన కనబడదు. పాలలోంచి తన్నుకుని రావాలంటే మూడు రాత్రులు కావాల్సిందే.

ఇక ముత్యాలు. ఇక్కడ నాకు వేరే బంధం ఉంది. మా నాన్న సామర్లకోట, పెద్దాపురం దారిలో ఒక సగ్గుబియ్యం మిల్లులో గుమాస్తాగా చేసేవారు. సెలవుల్లో నేనూ వెళ్లేదాన్ని. లారీల్లో కర్రపెండలం దుంపలు దిగేవి. తొక్క తీసి, నలిపి, ఆ పాలని తొట్లలో నిలవుంచితే అడుగున తెల్లటి పిండి పేరుకునేది. మిల్లు చుట్టూ పులిసిన వాసన ఉండేది, ఇప్పటికీ అది నాకు నాన్న చొక్కా వాసనే. ఆ తడి పిండిని చిదిపి, గుడ్డ ఉయ్యాలలో వేసి ఊపితే చిన్న చిన్న పూసలయ్యేవి. వాటిని పెద్ద పెనాల మీద వేయించి ఎండబెడితే సగ్గుబియ్యం. సిన్‌చూలో మొదటిసారి ముత్యాల టీ తాగి, ఈ నల్లటి గోళీలు దేనితో చేస్తారని అడిగితే కర్రపెండలం పిండి అని తెలిసింది. అప్పటికి నాన్న పోయి ఏడాదయింది. ఆయనకి ఫోన్ చేసి చెప్పాలనిపించింది.

పిండి ఒకటే అయినా సగ్గుబియ్యంతో బబుల్ టీ చేయకండి. అది ఉడికితే మెత్తగా జారిపోతుంది, పాయసానికి అదే బాగు. టీలో ముత్యం పంటి కింద సాగి, కాసేపు ఎదురు తిరగాలి. ఆ నమిలే హాయిని తైవాన్‌లో 'క్యూక్యూ' అంటారు. తెలుగులో దానికి సరైన మాట కోసం ఇంకా వెతుకుతున్నాను.

100 గ్రాముల కర్రపెండలం పిండికి 50 గ్రాముల బెల్లం, 60 మిల్లీలీటర్ల నీళ్లు. తైవాన్‌లో నల్ల పంచదార వేస్తారు. చెరకు రసాన్ని మరిగించి చేసేదే అది, రుచి చూస్తే మన బెల్లమే. నేను అనకాపల్లి బెల్లం వేస్తాను. బెల్లం కరిగాక వడకట్టి, మళ్లీ పొయ్యి మీద పెట్టి తెర్లనివ్వాలి. ఇక్కడ మొదటిసారి నేను దెబ్బతిన్నాను. ఫోన్ రావడంతో పాకం గోరువెచ్చనయింది, పర్లేదులే అని పిండిలో పోసేశాను. అది ముద్ద కాలేదు. గుప్పిట్లో పిసికితే రాయిలా గట్టిగా ఉండేది, గుప్పిట విప్పగానే వేళ్ల సందుల్లోంచి ద్రవంలా కారిపోయేది. ఎంత పిండి వేసినా అంతే. పాలతాలికలకి బియ్యప్పిండిని మరిగే నీళ్లతో ఎందుకు కలుపుతామో, ఇక్కడా అందుకే: పిండి కొంతైనా ఉడికితేనే జిగురొచ్చి ముద్దవుతుంది. తెర్లుతున్న పాకంలో మూడో వంతు పిండి వేసి, జిగురు పట్టగానే దించేసి, మిగతా పిండి కలిపి చెయ్యి కాలకుండా చూసుకుంటూ మర్దించండి. మెత్తటి చపాతీ ముద్దలా నున్నగా రావాలి. తాళ్లలా పాముకుని, చాకుతో ముక్కలు కోసి, శనగగింజంత ఉండలు చుట్టాలి. ఉడికాక ఇంకాస్త ఉబ్బుతాయి. మా పాప, నేను కూర్చుంటే అరగంట పని. ముద్ద మీద తడిగుడ్డ కప్పి ఉంచకపోతే ఆరి పగుళ్లిస్తుంది.

బోలెడు నీళ్లు బాగా మరిగాక వేసి, అన్నీ పైకి తేలాక మూతపెట్టి 20 నిమిషాలు మధ్యమంట మీద. ఆపేసి ఇంకో 15 నిమిషాలు అలాగే. తర్వాత చన్నీళ్లలో కడిగి చిక్కటి బెల్లం పాకంలో వేసేయాలి. మూడు, నాలుగు గంటల్లో తినేయండి. ఫ్రిజ్‌లో పెడితే చద్దన్నంలా లోపల గట్టిపడి పిండిపిండిగా తగులుతాయి. నాలుగేళ్ల లోపు పిల్లలకి అస్సలు ఇవ్వకండి. లావుపాటి స్ట్రాతో పీల్చినప్పుడు గొంతుకి అడ్డం పడే ప్రమాదముంది.

టీ దగ్గర మన అలవాటు పక్కన పెట్టాలి. మరిగించకూడదు, పాలు కలిపి కాయకూడదు. నీళ్లు మరిగాక దించి అయిదు నిమిషాలు ఆగి, 300 మిల్లీలీటర్లకి 10 గ్రాముల మల్లె ఆకు వేసి నాలుగు నిమిషాల్లో వడకట్టేయండి. అంతకు మించితే చేదు. మామూలు గ్రీన్ టీకి ఇది చాలా ఎక్కువ ఆకు, కానీ తర్వాత ఐసు, పాలు కలవాలి కదా. వేడి మీదే రెండు చెంచాల పంచదార కరిగించి, ఐసుతో పాటు మూత గట్టిగా ఉన్న స్టీలు బాటిల్‌లో పోసి నురగ వచ్చేదాకా గిలకొట్టండి. గ్లాసు అడుగున ముత్యాలు, పైన టీ, చివర్న 100 మిల్లీలీటర్ల చల్లటి కాచిన పాలు. రెండు గ్లాసులొస్తాయి.

వేరే పూలు కూడా ప్రయత్నించాను. నాటు గులాబీ రేకులు ఎండబెట్టి బ్లాక్ టీతో కలిపి నానబెడితే చాలా బాగుంటుంది. శంఖుపూలు నీలం రంగు ఇస్తాయి తప్ప వాసనేమీ ఉండదు. మందారం పుల్లటి రకమైతే పాలు విరుగుతాయి. సిన్‌చూలో శరదృతువులో ఒక చిన్న పసుప్పచ్చ పువ్వు టీ వచ్చేది, గుయ్‌హువా అంటారు, ఆప్రికాట్ పండు వాసన. అది ఇక్కడ దొరకలేదు. గన్నేరు విషం, దాని దగ్గరికి వెళ్లకండి. తినొచ్చని ఖాయంగా తెలియని ఏ పువ్వునీ వాడొద్దు.

అమ్మ మొదటి నుంచీ దీనికి ఒప్పుకోలేదు. "బంగారం లాంటి పూలు, హాయిగా దేవుడికి పెట్టుకోక టీలో పోస్తానంటావేంటే" అని. నిన్న మధ్యాహ్నం పోయిన విడత ఆకుతో చేసిన టీ గ్లాసు చేతికిచ్చాను. టీ గురించి ఏమీ అనలేదు. చెంచాతో ఒక ముత్యం తీసి నోట్లో వేసుకుని, నిదానంగా నమిలి, "ఈ పిండి మనవైపుదేనా?" అంది. సామర్లకోట నుంచి తను వచ్చేటప్పుడు సంచిలో తెచ్చిందే, అన్నాను. ఇంకో రెండు తీసుకుంది.

ఇవాళ సాయంత్రం నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి మేడ మీద కుండీల్లో మొగ్గలు లేవు. వంటింట్లో పళ్లెంలో ఉన్నాయి. లెక్కపెట్టి పెట్టాను, 72, అంది అమ్మ. పన్నెండు పక్కకి తీసి పాప జడకి కడుతోంది.